బొమ్మ కదలాలి, అదీ ఆలస్యం లేకుండా

ఒకప్పుడు వెబ్‌లో బొమ్మల్ని కదిలించిన ఫ్లాష్ ప్రోగ్రామ్ పుట్టుక గురించి చెప్పమంటే చాలామంది మాక్రోమీడియా కంపెనీ దగ్గర ఎత్తుకుంటారు. ఇంకొందరికి అడోబీయే గుర్తొస్తుంది. నిజానికి ఆ కథ మాక్రోమీడియా చేతికి రావడానికి పదేళ్లకు పైగా ముందే, అమెరికాలో ఒక హైస్కూలు కుర్రాడి ఆటల పిచ్చితో మొదలైంది.

ఆ కుర్రాడు జొనాథన్ గే. చిన్నప్పుడు లెగో ముక్కలతో ఇళ్లూ ఓడలూ కట్టేవాడు. ఆర్కిటెక్ట్ కావాలని ఆశ. కానీ కాగితం మీద ఇల్లు గీయడం వరకే పిల్లాడి చేతిలో ఉంటుంది, కట్టించి చూసుకోవడం ఎక్కడ కుదురుతుంది? ఆపిల్ 2 కంప్యూటర్ దొరికాక ఆ బెంగ తీరిపోయింది. దాంట్లో అనుకున్నది రాస్తే అప్పటికప్పుడే నడుస్తుంది, కళ్లారా చూసుకోవచ్చు. బేసిక్‌లో అతను రాసిన మొదటి ఆట స్పేస్ ఇన్వేడర్స్‌కి నకలు. తర్వాత పాస్కల్ నేర్చుకుని, బొమ్మలు గీసుకునే ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. ఆట, గీత: ఆ తర్వాత చాలా ఏళ్లు అతను ఈ రెంటి చుట్టూనే తిరిగాడు.

1984లో మాకింటాష్ వచ్చింది. కొడుకు ప్రోగ్రాములు రాస్తాడని గే తండ్రి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడట. మన నాన్నలు ర్యాంకుల గురించి చెప్పుకోవడం లేదూ, అలాగే. ఆ మాట చార్లీ జాక్సన్ చెవిన పడింది. ఆయన శాన్ డియాగోలో మాకింటాష్‌కి ప్రోగ్రాములు చేసే సిలికాన్ బీచ్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టాలనుకుంటున్నాడు కానీ ప్రోగ్రామర్లకి జీతాలివ్వడానికి డబ్బు లేదు. స్కూలు కుర్రాడైతే పెద్ద జీతం అడగడు. బేరం కుదిరింది.

అలా వచ్చిన ఆటల్లో పేరు తెచ్చుకున్నది 1986 నాటి డార్క్ కాజిల్. బొమ్మలు, ఆట రూపకల్పన మార్క్ పియర్స్‌వి, కోడ్ గేది. డంకన్ అనే కథానాయకుడు కోటలో గబ్బిలాల మీదా ఎలుకల మీదా రాళ్లు విసురుతూ బ్లాక్ నైట్ దాకా చేరాలి. కీబోర్డుతో నడక, మౌస్‌తో చేతి గురి. ఈ రెండు చేతుల ఆట ఇప్పటి పిల్లలకి సహజమే గానీ అప్పటికి కొత్త. తొలి మాకింటాష్ మెమరీ 128 కిలోబైట్లు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే తరచు అంతకన్నా పెద్దగా ఉంటుంది. తెర మీద అడ్డంగా 512, నిలువునా 342 చుక్కలు, అవీ నలుపు తెలుపుల్లోనే. ఆ తర్వాత వచ్చిన మాక్‌లలో మెమరీ పెరిగినా, ఇరుకు ఇరుకే. ఆటలో బొమ్మ క్షణం ఆలస్యంగా కదిలితే డంకన్ చస్తాడు, ఆడేవాడు విసుగెత్తి లేచిపోతాడు. అందుకే ఆటలు రాసేవాడికి పొదుపు, తొందర రెండూ చేతికి అబ్బుతాయి. తర్వాత వెబ్‌కి పనికొచ్చింది ఆ నేర్పేనని నా అభిప్రాయం. కొత్త ఆలోచనలకేం, అవి అప్పట్లో చాలామంది దగ్గర ఉన్నాయి.

1993 జనవరిలో గే, జాక్సన్ కలిసి ఫ్యూచర్‌వేవ్ పెట్టారు. వెబ్ ఊసే లేదు. తెర మీద పెన్నుతో రాసే కంప్యూటర్లు వస్తాయని నమ్మి, వాటికి స్మార్ట్‌స్కెచ్ అనే చిత్రలేఖన ప్రోగ్రామ్ తయారు చేస్తున్నారు. 1994లో ఏటీ అండ్ టీ ఆ పెన్ను కంప్యూటర్ల వ్యాపారానికి స్వస్తి చెప్పింది. సరుకు సిద్ధమవుతుంటే సంతే ఎత్తేశారు. స్మార్ట్‌స్కెచ్‌ని విండోస్‌కీ మాక్‌కీ మార్చారు. అక్కడేమో ఇలస్ట్రేటర్, ఫ్రీహ్యాండ్ అనే చిత్రలేఖన ప్రోగ్రాములు అప్పటికే పాతుకుపోయి ఉన్నాయి. 1995లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రదర్శనలో చూసినవాళ్లు, ఇందులో యానిమేషన్ చేసే వీలు పెట్టొచ్చు కదా అన్నారు. డార్క్ కాజిల్ రాసినవాణ్ని పట్టుకుని అడగవలసిన మాటే.

బ్రౌజర్లో బొమ్మల్ని కదిలించడానికి అప్పటికి దారి జావా. రాసి చూస్తే ఘోరమైన నెమ్మది. నెట్‌స్కేప్ బ్రౌజర్ ప్లగిన్లకు, అంటే బయటివాళ్ల చేర్పులకు, తలుపు తెరిచాక గానీ పని సాగలేదు. గే, తోటి ప్రోగ్రామర్ రాబర్ట్ టట్సుమి కలిసి రాసిన ఈ ప్రోగ్రాముకి ముందు సెల్‌యానిమేటర్ అని పేరు పెట్టారు. కార్టూన్లకే పరిమితమైపోతుందేమోనని ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్‌గా మార్చారు.

దాని కిటుకు చెప్పాలంటే ముగ్గును తలుచుకోవాలి. ముగ్గు ఫొటో తీసి పంపడం ఒక పద్ధతి. ఫోన్లో చెల్లెలికి ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు’ అని చెప్పి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకి గీత లాగాలో చెప్పడం రెండో పద్ధతి. ఫొటోలో ప్రతి చుక్క రంగూ మోసుకెళ్లాలి. రెండోదాంట్లో వెళ్లేది సూచన ఒక్కటే, గీసే పని అవతలి చేతిది. 28.8 కిలోబిట్ల మోడెం మీద 100 కిలోబైట్ల ఫొటో దిగడానికి అరనిమిషం దాకా పట్టేది. గీతల లెక్కలైతే చిటికెలో వచ్చేవి, ఫైలు మొత్తం చేరకముందే బొమ్మ ఆడటం మొదలయ్యేది. వచ్చిన సూచనల్ని నీరసమైన ప్రాసెసర్ మీద గబగబా గీయించడమే అసలు కష్టం. అది గేకి పదేళ్లుగా తెలిసిన విద్య.

అమ్ముదామని అడోబీకి చూపిస్తే వాళ్ల కంటికి ఆనలేదు. 1996లో మైక్రోసాఫ్ట్ ఎంఎస్ఎన్‌లో వాడింది, డిస్నీ పిల్లల సైట్‌లో వాడింది. డిసెంబరులో మాక్రోమీడియా కొనేసి ఫ్లాష్ అని పేరు కుదించింది. 2005లో అడోబీ ఆ మాక్రోమీడియానే దాదాపు 340 కోట్ల డాలర్లకి కొనడానికి సిద్ధపడింది. అప్పుడు వద్దన్నదాని కోసమే ఇప్పుడింత వెల!

ఫ్లాష్ చేసిన చెరుపు కూడా తక్కువేం కాదు. ఫోన్ నంబరు వెతుక్కుందామని సైట్ తెరిస్తే లోగో గిరగిరా తిరిగేది, ‘స్కిప్ ఇంట్రో’ నొక్కేదాకా వదిలేది కాదు. అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సులు నేర్చుకున్న మన కుర్రాళ్లు కూడా అలాంటివి బోలెడు చేశారు. కానీ 2000లో ఫ్లాష్ 5తో యాక్షన్‌స్క్రిప్ట్ అనే కోడ్ భాష వచ్చాక ఇంకోటి జరిగింది. న్యూగ్రౌండ్స్ లాంటి సైట్లలో ఆటలాడే పిల్లలకి, ఆటని తయారు చేసే పనిముట్టు కూడా ఫ్లాషేనని తెలిసింది. బంతి గోడకి తగిలి వెనక్కి రావాలంటే నాలుగు వరుసల కోడ్ రాయాలి. ఆ నాలుగు వరుసలు జావాస్క్రిప్ట్‌కి దాయాదులే కాబట్టి, అక్కడి నుంచి వెబ్ ఉద్యోగానికి ఎంతో దూరం లేదు.

2010 ఏప్రిల్‌లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, ఐఫోన్ గుమ్మంలోనే ఫ్లాష్‌ని ఎందుకు ఆపేశాడో చెప్పాడు. బ్యాటరీ తినేస్తుంది, భద్రత లేదు, వేలితో తాకే తెరకి కుదరదు అన్నాడు. అవన్నీ సాకులేనని అప్పటి అడోబీ అధిపతి, హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ కొట్టిపారేశారు. కాలం మాత్రం జాబ్స్ వైపే మొగ్గింది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కి మద్దతు ఆపేసింది.

దాని స్థానంలోకి వచ్చినవాటి వెనకా ఆటలే ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఆటల ఇంజిన్‌ని బ్రౌజర్లో నడిపించాలన్న కోరికతోనే అలోన్ జకాయ్ ఎమ్‌స్క్రిప్టెన్ అనే పనిముట్టు మొదలుపెట్టాడు. 2013లో మొజిల్లా, ఎపిక్ కంపెనీలు అన్‌రియల్ ఇంజిన్ 3ని ప్లగిన్ లేకుండా ఫైర్‌ఫాక్స్‌లో నడిపి చూపించింది ఆ పనిముట్టుతోనే. ఆ దారిలోనే, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాసిన కోడ్‌ని బ్రౌజర్లో నడిపే వెబ్‌అసెంబ్లీ వచ్చింది. పాత ఫ్లాష్ ఆటల్ని ఇవాళ బ్రౌజర్లో మళ్లీ ఆడిస్తున్న రఫుల్ ప్రోగ్రామ్ నడిచేది దాని మీదే.