జీన్ లుండెగార్డ్ కోసం

జెర్రీ లుండెగార్డ్‌కు భార్య మీద కోపం లేదు, అనుమానం లేదు. అతనికి డబ్బు కావాలి, ఆమె తండ్రి దగ్గర డబ్బుంది. 1996లో కోయెన్ సోదరులు తీసిన 'ఫార్గో' సినిమాలో జీన్ చావుకు కారణం అదొక్కటే. ఇది 1987లో మినెసోటాలో నిజంగా జరిగిందని మొదట్లో తెర మీద వేస్తారు. కథ కల్పితమే. అయినా జీన్ విషయంలో కల్పన కదా అని మనసుకు సర్దిచెప్పుకోవడం నా వల్ల కాదు.

మామ వేడ్ గుస్తాఫ్‌సన్ కార్ల షోరూంలో జెర్రీ సేల్స్ మేనేజరు. లేని కార్లను కాగితాల మీద చూపించి 3,20,000 డాలర్లు అప్పు తెచ్చాడు. ఫైనాన్స్ కంపెనీవాళ్లు కార్ల నంబర్లు చెప్పమంటే, అక్షరాలు కనబడని కాగితాలు పంపి రోజులు నెట్టుకొస్తున్నాడు. చివరికి, జైలుకెళ్లొచ్చిన ఒక మెకానిక్ ద్వారా కార్ల్, గేర్ అనే ఇద్దరు నేరగాళ్లతో బేరం కుదుర్చుకున్నాడు. జీన్‌ను ఎత్తుకెళ్లాలి. మామ ఇచ్చే 80,000 చెరిసగం. వాళ్లకు ఒక కొత్త కారు అదనం. మామతో మాత్రం పది లక్షలు అడిగారని చెప్పాడు.

ఆ పొద్దున జీన్ టీవీ ముందు కూర్చుని ఊలు అల్లుకుంటోంది. ముసుగు మనిషి గాజు తలుపు దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూస్తే, ఎవరబ్బా అన్నట్టు చూస్తుందే తప్ప కదలదు. తన ఇంట్లో తనకు కీడు జరుగుతుందన్న ఊహే ఆమెకు లేదు. అద్దం పగిలాక పరుగెత్తింది, చేయి కొరికింది, బాత్రూంలో తెర వెనక దాక్కుంది. ఆ తెరే ఒంటికి చుట్టుకుని మెట్ల మీద నుంచి దొర్లిపడింది. తర్వాత తలకు ముసుగేసి మూస్ లేక్ దగ్గర కారు దింపినప్పుడు, ఎటు పోవాలో తెలియక మంచులో గుడ్డిగా పరుగెడుతుంటే కార్ల్ పగలబడి నవ్వుతాడు. సినిమా హాల్లోనూ నవ్వులు పుట్టే చోటు అదే. నాకు ఆ పరుగు చూడటం కష్టం.

ఇవతల జెర్రీ, మామకు ఫోన్ చేసే ముందు ఏడుపు గొంతు అభ్యాసం చేసుకుంటున్నాడు. కూతురి ప్రాణం మీదికొస్తే, అయిదు లక్షలకు ఒప్పుకుంటారేమో అడుగుదామంటాడు వేడ్. కొడుకు స్కాటీ ఎలా ఉన్నాడని లెక్కలు చూసే స్టాన్ అడిగేదాకా, ఇంట్లో ఒక పిల్లవాడున్నాడన్న సంగతే ఆ తండ్రికి తట్టలేదు.

మిగిలినదంతా కూలిపోవడమే. బ్రెయినర్డ్ దగ్గర రోడ్డు మీద ఒక పోలీసు, దారిన పోతున్న ఇద్దరు చనిపోయారు. డబ్బు తానే ఇస్తానని తుపాకీతో వెళ్లిన వేడ్ పోయాడు. దవడ చితికిన కార్ల్ సంచి తెరిచి పది లక్షలు చూసి, 80,000 తీసుకుని మిగతాది ఒక కంచె పక్కన మంచులో పాతిపెట్టాడు. తిరిగొచ్చేసరికి వంటింటి నేల మీద జీన్ శవం. ఊరికే అరవడం మొదలుపెట్టిందంటాడు గేర్. ఆ చావును కెమెరా కూడా చూడలేదు. తర్వాత కారు పంపకం దగ్గర గొడవొచ్చి కార్ల్ కూడా గొడ్డలి దెబ్బకు పోయాడు.

ఈ సినిమాకు కార్టర్ బర్వెల్ ఒక నార్వే భక్తిగీతం నుంచి బాణీ తీసుకున్నాడు. తప్పిపోయిన గొర్రె గురించిన గీతం అది. తొంభై తొమ్మిదింటినీ విడిచి ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరి కథ మన చర్చిల్లోనూ వింటాం. ఇక్కడ భర్త, తండ్రి, దొంగలు అందరూ సంచి వెంటే తిరిగారు. ఏడు నెలల గర్భిణి, బ్రెయినర్డ్ పోలీసు అధికారి మార్జ్ అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోయింది. గేర్‌ను కారు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్తూ ఆమె చనిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ చెప్పుకొస్తుంది. ఎన్నడూ చూడని జీన్‌ను మిసెస్ లుండెగార్డ్ అని మర్యాదగా పిలిచి, ఆ వరసలో ముందు ఆమెనే చెబుతుంది.