అవిసె వైరస్ కవచం: జ్యామితి పాత్ర, ప్రోటీన్ పాత్ర

ప్రస్తావన

తిరుపతి పరిసరాల్లోని రైతుల పొలాల్లో అవిసె మొక్కలకు సోకిన మొజాయిక్ తెగులుకు ఒక వైరస్ కారణమని శ్రీనివాసులు, నాయుడు 1982లో ప్రకటించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు ఆ వైరస్ స్ఫటికాలను ఎక్స్-కిరణాలతో పరిశీలించి, 1995లో దాని నిర్మాణాన్ని 3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వెల్లడించాయి. వైరస్ కవచం ఆకృతిలో జ్యామితి నిర్ణయించేదెంత, ప్రోటీన్ నిర్ణయించేదెంత అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పొదుపు, సౌష్ఠవం

ఈ వైరస్ జన్యుపదార్థం సుమారు 4,150 న్యూక్లియోటైడ్ల ఆర్ఎన్ఏ. కవచ ప్రోటీన్‌లో 268 అమైనో ఆమ్లాలున్నాయి. దానికే 804 న్యూక్లియోటైడ్లు ఖర్చవుతాయి. కవచంలోని 180 ప్రోటీన్లూ వేర్వేరువైతే 1,44,000కు పైగా కావలసి వచ్చేవి. చిన్న వైరస్‌లు ఒకే రకం ప్రోటీన్‌ను పదే పదే వాడుకోక తప్పదని క్రిక్, వాట్సన్ 1956లోనే తర్కించారు.

అయితే ఈ కవచానిది ఇరవై త్రిభుజ ముఖాలున్న ఐకోసహెడ్రన్ ఆకృతి; అందులో సరిసమానమైన స్థానాలు 60 మాత్రమే. మరి 180 ఎలా ఇముడుతాయి? స్థానాలు అచ్చంగా ఒకేలా ఉండనక్కరలేదు, దాదాపు ఒకేలా ఉంటే చాలునని 1962లో డొనాల్డ్ కాస్పర్, ఆరన్ క్లూగ్ సమాధానం చెప్పారు. వారి లెక్కలో ప్రోటీన్ల సంఖ్య 60కి టి రెట్లు. రెండు పూర్ణాంకాల వర్గాలకు వాటి లబ్ధాన్ని కలిపితే టి వస్తుంది: 1, 3, 4, 7, 9, 12, 13... ఈ వరుసలో 2, 5, 6 లేవు. అవిసె వైరస్‌కు టి విలువ 3. దాని 12 శీర్షాల చుట్టూ ఐదేసి చొప్పున 60 ప్రోటీన్లు, ఆరేసి చొప్పున 20 వలయాల్లో మిగతా 120 అమరి ఉంటాయి.

ఎంపిక ఎక్కడ జరుగుతుంది?

60, 180 రెండూ జ్యామితికి సమ్మతమే. ఈ ప్రోటీన్ 180నే ఎందుకు ఎంచుకుంటుంది? బాక్టీరియాలో తయారుచేయించినా అది తనంతట తానే 180 ప్రోటీన్ల కవచంగా కూడుకుంది. మొదటి 22 అమైనో ఆమ్లాలు తీసేసినా ఫలితం మారలేదు. 65 తీసేస్తే మాత్రం 60 ప్రోటీన్ల చిన్న కవచమే ఏర్పడింది. అంటే మీట ఆ తొలి భాగంలోనే ఉంది.

ఆ భాగంలో కొన్ని ప్రోటీన్ల పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకునే బీటా వలయం ఒకటుంది. పెద్ద కవచానికి అదే కీలకమని భావించేవారు. కానీ 48 నుంచి 59 వరకు అమైనో ఆమ్లాలను తొలగించి ఆ వలయాన్ని లేకుండా చేసినా 180 ప్రోటీన్ల కవచమే వచ్చిందని 2008లో ప్రచురితమైన నిర్మాణం చూపింది. ఆర్ఎన్ఏను పట్టుకునే ఆర్జినిన్లను గ్లుటామిక్ ఆమ్లంగా మార్చినప్పుడు లోపలికి ఆర్ఎన్ఏ దాదాపు చేరలేదు. కవచం పరిమాణం మారలేదు గాని వేడికి తట్టుకునే శక్తి తగ్గింది. కనుక కవచాన్ని కట్టేది ప్రోటీన్ల పరస్పర బంధాలే; ఆర్ఎన్ఏ దాన్ని గట్టిపరుస్తుంది. ప్రోటీన్ల సంధుల్లోని కాల్షియం అయాన్లదీ ఇదే పని.

సికింద్రాబాద్ సమీపాన

ఇదే జ్యామితి మరో వైరస్‌లోనూ కనిపిస్తుంది. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ రోటావాక్ టీకాను రూపొందించింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో దాన్ని ముందుగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చుక్కలుగా వేసే ఈ టీకాలో ఉండేది బలహీనమైన సజీవ రోటా వైరస్. దానికి మూడు పొరలు: లోపల 60 జంటలుగా 120 ప్రోటీన్లు, మధ్య పొరలోనూ బయటి పొరలోనూ 780 చొప్పున. 780 అంటే 60కి 13 రెట్లు; కాస్పర్–క్లూగ్ వరుసలోనిదే. బయటి పొరను పట్టి ఉంచేది ఇక్కడా కాల్షియమే. అది తొలగితే ఆ పొర ఊడిపోతుంది, వైరస్ సోకే శక్తి కోల్పోతుంది.

ఉపసంహారం

సాధ్యమైన పరిమాణాల పట్టికను జ్యామితి ఇస్తుంది. అందులో ఒకదాన్ని ఎంచుకునేది ప్రోటీన్ తొలి భాగం. కవచం మన్నికను ఆర్ఎన్ఏ, కాల్షియం నిర్ణయిస్తాయి. సౌష్ఠవాన్ని మాత్రమే బోధించే మన పాఠ్యపుస్తకాల్లో ప్రోటీన్ పాత్రకూ చోటు దక్కాలి. అందుకు తిరుపతి అవిసె వైరస్ కంటే దగ్గరి ఉదాహరణ తెలుగు విద్యార్థికి మరొకటి లేదు.