క్లిప్పుల వైద్యంలో ఇంటి వాటా

వంకర పళ్ళను సరిచేసే వైద్యం ఎక్కడ జరుగుతుందని అడిగితే, దంతవైద్యుడి కుర్చీలో అని ఎవరైనా చెబుతారు. కాలాన్ని లెక్కవేసి చూస్తే వేరే సంగతి తేలుతుంది. నెలకో, ఆరు వారాలకో ఒకసారి డాక్టరు తీగ బిగించడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ తీగ పని చేసేదంతా ఇంట్లో, బడిలో, నిద్రలో. క్లిప్పు ఊడినా, తీగ కొస బుగ్గలో గుచ్చుకున్నా, పళ్ళను సరిచేసే ప్లాస్టిక్ తొడుగు (అలైనర్) పగిలినా సాధారణంగా అక్కడే. కాబట్టి ఈ వైద్యం చరిత్రను పరికరాల వరుసగా చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. వైద్యుడికీ రోగి ఇంటికీ మధ్య పని పంపకం ఎలా మారుతూ వచ్చిందో కూడా చూడాలి. ఇంటికి అప్పగించిన పని తరతరానికీ పెరిగింది, ఆ పెరుగుదల వల్ల మేలే జరిగింది. పంటి మీద ఎంత బలం పెట్టాలి, ఏ దిక్కుగా పెట్టాలి అన్న నిర్ణయం కూడా ఇంటికి జారినప్పుడే కీడు మొదలైంది. ఈ చరిత్ర నేర్పే ముఖ్యమైన పాఠం ఇదేనని నా వాదన.

మొదటి సాక్ష్యం ఈ వాదనకు ఎదురు తిరిగినట్టే కనిపిస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ ఒక సలహా రాశాడు. పాలపన్ను ఊడకముందే దాని పక్కన శాశ్వత దంతం మొలిస్తే, పాలపన్ను తీసేసి, కొత్త పన్ను తన చోటికి వచ్చేదాకా రోజూ వేలితో నెట్టాలన్నాడు. ఇంట్లోనే, ఉత్త వేలితోనే పన్ను కదిలేటప్పుడు వైద్యుడెందుకు అని అడగవచ్చు. కానీ సెల్సస్ చెప్పిన సందర్భం చాలా ఇరుకైనది. అది అప్పుడే మొలుస్తున్న పన్ను, దాని వేరు ఇంకా పూర్తిగా ఏర్పడలేదు. పాలపన్ను ఖాళీ చేసిన చోటు పక్కనే ఉంది. ఎటు కదలాలో, ఎక్కడ ఆగాలో శరీరమే నిర్ణయించి పెట్టింది. ఎదిగిన పళ్ళ విషయంలో ఆ వెసులుబాటు లేదు. 1728లో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఫ్రెంచి వైద్యుడు పియెర్ ఫోషార్, సన్నని లోహపు బద్దను పళ్ళకు దారాలతో కట్టి లాగే పద్ధతి వర్ణించాడు. కొన్ని పళ్ళను పట్టుకారుతో ఒక్కసారే చోటికి తిప్పి పక్క పళ్ళకు కట్టేవాడు కూడా. ఆ కాలంలో బలమంతా వైద్యుడి చేతిదే, ఇంటివారి వంతు ఓర్చుకోవడమే.

ఆ పంపకాన్ని మార్చింది రబ్బరు. 19వ శతాబ్దం నడిమికి సాగి మళ్ళీ ముడుచుకునే గట్టి రబ్బరు తయారీ సాధ్యమైంది. 1893 ప్రాంతంలో అమెరికాలో హెన్రీ బేకర్ పై దవడ పళ్ళకూ కింది దవడ పళ్ళకూ మధ్య రబ్బరు బ్యాండ్లు తగిలించే పద్ధతి వాడాడు. 1900లో సెయింట్ లూయిస్‌లో ఈ వైద్యానికి ప్రత్యేక పాఠశాల పెట్టిన ఎడ్వర్డ్ యాంగిల్ దాన్ని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చాడు. నోటిలో తడికి రబ్బరు పట్టు తగ్గుతుంది కనుక తరచూ మార్చాలి, ఆ మార్చేది రోగే. పెట్టుకోకపోతే పన్ను కదలదు. 20వ శతాబ్దం తొలి పాదంలో చార్లెస్ హాలీ రూపొందించిన, తీసి పెట్టుకునే రిటైనర్ ఆ బాధ్యతను ఇంకా పెంచింది. క్లిప్పులు తీశాక చిగుళ్ళలోని నారపోగులు కొత్త చోటికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. అంతవరకూ పళ్ళను నిలబెట్టే పని పూర్తిగా ఇంటిదే. అయితే ఏ కొక్కేనికి ఏ రబ్బరు తగిలించాలో చెప్పేది మాత్రం వైద్యుడే.

ఇంటి పనికీ వైద్యుడి నిర్ణయానికీ మధ్య గీత అక్కడే ఎందుకుండాలో ప్రయోగాలు తేల్చాయి. 1904లో కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల పళ్ళ మీద చేసిన పరిశోధనలో, తేలికపాటి ఒత్తిడికి ఎముక ఒకవైపు కరిగి మరోవైపు పెరిగి పంటికి దారి ఇస్తుందనీ, ఒత్తిడి ఎక్కువైతే పంటి చుట్టూ ఉన్న కణజాలం చచ్చి కదలిక నిలిచిపోతుందనీ వెల్లడైంది. 1932లో ష్వార్జ్ అనే పరిశోధకుడు దీనికి లెక్క కట్టాడు. సన్నని రక్తనాళాలు మూసుకుపోకుండా ఉండాలంటే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాముల ఒత్తిడి దాటకూడదన్నాడు. తర్వాతివారు ఆ అంకెను సవరించారు కానీ, బలం పెంచితే వేగం పెరగదన్న సూత్రం నిలిచింది. ఒక రబ్బరు చోట రెండు తగిలించుకునేవారికి ఇదే జవాబు. ముందు పళ్ళ సందు మూసుకోవడానికి మామూలు రబ్బరు బ్యాండు చుట్టుకోవడం ఇంతకన్నా ప్రమాదం. పంటి వేరు కొసవైపు సన్నబడుతుంది కనుక బ్యాండు చిగురులోకి జారి, లోపలి ఎముకను తినేసి, చివరికి ఆరోగ్యమైన పళ్ళే ఊడిపోయేలా చేస్తుంది.

ఇక అలైనర్ల సంగతి. 1945లో హెరాల్డ్ కెస్లింగ్ పళ్ళ అచ్చును మైనంలో సరిచేసి, దాని మీద రబ్బరు తొడుగు తయారు చేశాడు. ఇలాంటివి వరుసగా మారుస్తూ పోతే పెద్ద కదలికలు కూడా సాధించవచ్చని ఊహించాడు. 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ కంప్యూటర్ సాయంతో ఆ ఊహను నిజం చేసింది. ఒక్కో తొడుగు పంటిని సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. ఇంత పని ఇంట్లోనే జరుగుతుంటే, లెక్కంతా కంప్యూటరే వేస్తుంటే, వైద్యుణ్ణి పక్కన పెట్టవచ్చు కదా అన్న వాదం పుట్టింది. 2014లో మొదలైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ ఆ వాదంతోనే ఇంటికి నేరుగా అలైనర్లు పంపింది. 2023 డిసెంబరులో మూతపడి ఎందరినో నడి వైద్యంలో వదిలేసింది. పైకి కనిపించే పంటిని కంప్యూటర్ కొలవగలదు. చిగురు జబ్బు, ఎముక మందం, వేరు పొడవు ఎక్స్‌రేలోనూ, వైద్యుడి పరీక్షలోనూ తేలేవి. అవి తెలియకుండా వేసిన దిక్కు, ఎంత నేర్పుగా వేసినా ఊహే.

ఇంటికి తగిన పని ఎంతో 2020 లాక్‌డౌన్ తేటతెల్లం చేసింది. క్లినిక్కులు మూతపడగానే బ్రిటన్‌తో సహా అనేక దేశాల నిపుణులు రోగులకు ఇంటి జాగ్రత్తలు రాసిచ్చారు. వాటి సారమంతా నొప్పిని తగ్గించడం, ఉన్నదాన్ని కాపాడడం. గుచ్చుకునే తీగ కొసను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా పంటివైపు నొక్కాలి, లేదా ఆ చోటు తుడిచి ఆరబెట్టి క్లిప్పుల మైనం ముద్ద అద్దాలి. అదీ కుదరనప్పుడు, శుభ్రం చేసిన గోళ్ళ కత్తెరతో బయటికి పొడుచుకొచ్చిన కొసను కత్తిరించి, ఆ ముక్క గొంతులోకి పోకుండా పట్టుకోవాలి. ఊడిన క్లిప్పు తీగ మీదే ఉంటే అలాగే ఉంచి ఫోను చేయాలి, జిగురుతో అతికించకూడదు. పుండుకు గోరువెచ్చని ఉప్పునీళ్ళు చాలు. అలైనర్ పోతే అంతకుముందు వాడినదాన్ని పెట్టుకుని పళ్ళను నిలబెట్టుకుంటూ డాక్టరును అడగాలి. అలైనర్‌ను వేడినీళ్ళలో కడిగితే రూపం మారుతుంది. ముక్క మింగాక దగ్గు, ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికే. వీటిలో ఒక్కటీ పంటి మీది బలాన్ని తన ఇష్టానికి పెంచేది కాదు.

బలం, దిక్కు వైద్యుడి చేతిలోనే ఉండాలనడం నిపుణులు తమ సంపాదన కాపాడుకునే మాట అని కొందరు అనుమానిస్తారు. ఆ అనుమానం వెనుక నిజమైన కష్టం ఉంది. పళ్ళు సరిచేసే నిపుణుల సంఘమైన భారత ఆర్థొడాంటిక్ సొసైటీ 1965లోనే ఏర్పడినా, నేటికీ ఈ నిపుణులు ఎక్కువగా పట్టణాల్లోనే దొరుకుతారు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే కుటుంబానికి ఊడిన ఒక్క క్లిప్పు అంటే ఒక రోజు కూలి పోవడం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా దీనికి పరిష్కారం వైద్యుణ్ణి తప్పించడంలో లేదు, ఇంటి వాటాను గౌరవంగా, స్పష్టంగా అప్పగించడంలో ఉంది. క్లిప్పులు వేసిన రోజే మైనం, తెలుగులో రాసిన సూచనల కాగితం, ఫొటో పంపితే జవాబు వచ్చే నంబరు ఇవ్వడం ఫీజులో భాగం కావాలి. అలా చేస్తే ఎన్నో ప్రయాణాలు తప్పుతాయి, నిజంగా రావలసినవారు ఆలస్యం చేయకుండా వస్తారు. వంద ఏళ్ళకు పైగా రోగి వేళ్ళ మీద ఆధారపడ్డ వైద్యం, ఆ వేళ్ళకు తగిన జ్ఞానం కూడా ఇవ్వవలసిన బాకీ పడి ఉంది.