పెద్దల సైకిలు: పైకడ్డీ కథ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో బియ్యపు సంచిని క్యారియరుకు కట్టి అంగడినుండి సైకిలుపై వచ్చు వృద్ధులను మనము చూచుచునే యున్నాము. వెనుక మూట యుండుటచే, దిగునపుడు వారు కాలిని మరింత ఎత్తి త్రిప్పవలెను. ఆ వయసున పడినచో తుంటి యెముకకే ముప్పు.

1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలును వెలువరించెను. కొద్ది యేండ్లకే, చట్రము గట్టిగా నుండుటకై, పైకడ్డీ స్థిరపడినది. పొడవైన గౌనులు ధరించు స్త్రీలకొరకు ఆ కాలముననే కడ్డీని క్రిందికి దించిరి. మనదేశమున దానికి ‘లేడీస్ సైకిలు’ అని పేరు పడినది.

కడ్డీని దించుట 19వ శతాబ్దముననే తెలిసిన విద్య. పెద్దలను దానికి దూరము చేసినది ఇనుము కాదు, పేరు. చట్రమును బలపరచి, క్యారియరును దించి, ‘పెద్దల సైకిలు’ అని పిలిచిన చాలును. మన తాతలు నిర్భయముగా అంగడికి పోయి రాగలరు.