గల్లాపెట్టె దాటిన చిట్టా

2007లో బెంగళూరులో ఇద్దరు యువకులు పెట్టిన ఫ్లిప్‌కార్ట్‌ అనే ఆన్‌లైన్‌ పుస్తకాల దుకాణానికి తొలి ఆర్డరు వెళ్లింది మన మహబూబ్‌నగర్‌ నుంచే. అడిగిన పుస్తకం ‘లీవింగ్‌ మైక్రోసాఫ్ట్‌ టు చేంజ్‌ ద వరల్డ్‌’. అది తమ దగ్గర లేక, వాళ్లు ఊళ్లోని పుస్తకాల షాపులు గాలించి తెచ్చి పంపారు. సరుకు పంపడం ఒక ఎత్తు, డబ్బు రాబట్టుకోవడం ఇంకో ఎత్తు. క్రెడిట్‌ కార్డు ఉన్నవాళ్లే తక్కువ. ఉన్నవాళ్లకూ దాని నంబరు ఇంటర్నెట్‌లో కొట్టాలంటే గుబులు. ఆ గుబులును 2002లో మొదలైన రైల్వే ఆన్‌లైన్‌ టికెట్లు కొంత పోగొట్టాయి. బెర్తు దొరుకుతుందంటే మనవాళ్లు ఎంత సాహసానికైనా సిద్ధమే కదా! 2010లో ఫ్లిప్‌కార్ట్‌ ‘సరుకు చేతికొచ్చాకే డబ్బు’ అనడంతో అమ్మకాలు ఊపందుకున్నాయి. అంటే మన ఈ-కామర్స్‌ చాలాకాలం నోట్ల మీదే బతికింది.

నోటు అవసరం లేకుండా పోవాలంటే ముందు బ్యాంకులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ మాటలు నేర్పిన చోటు హైదరాబాద్‌ మాసబ్‌ట్యాంక్‌. 1996లో రిజర్వు బ్యాంకు అక్కడ ఐడీఆర్‌బీటీ అనే పరిశోధన సంస్థను నెలకొల్పింది. 1999లో ఆ సంస్థ బ్యాంకుల కోసమే ‘ఇన్‌ఫినెట్‌’ అనే ప్రత్యేక నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది. అప్పట్లో ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేస్తుందన్న భరోసా లేదు. ముంబయిలో బ్యాంకుల సంఘం ‘స్వధన్‌’ పేరుతో ఏటీఎంలను కలపాలని చూసింది గానీ అది నిలవలేదు.

2004 ఆగస్టు 27న ఐడీఆర్‌బీటీ ‘నేషనల్‌ ఫైనాన్షియల్‌ స్విచ్‌’ను ప్రారంభించింది. మొదట చేరినవి మూడే బ్యాంకులు. అది చేసే పని వింటే చాలా చప్పగా ఉంటుంది. మీరు పక్క బ్యాంకు ఏటీఎంలో కార్డు పెడతారు. ఆ బ్యాంకు స్విచ్‌ను అడుగుతుంది, స్విచ్‌ మీ బ్యాంకును అడుగుతుంది, సరేనన్న జవాబు అదే దారిన వెనక్కి వస్తుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో తర్వాత లెక్క తేల్చి, మిగిలిన తేడాను రిజర్వు బ్యాంకులోని ఖాతాల్లో సర్దుతారు. ఈరోజు టీకొట్టులో మోగే ‘పది రూపాయలు వచ్చాయి’ వెనక ఉన్నది దాదాపు ఈ ఏర్పాటే. ఇంత ముఖ్యమైన పనిని మనం కథలుగా చెప్పుకోం. చప్పటి పనులకు ఆ దురదృష్టం తప్పదు.

2009 డిసెంబరులో ఈ స్విచ్‌ నేషనల్‌ పేమెంట్స్‌ కార్పొరేషన్‌ చేతికి వెళ్లింది. ఏడాది తిరక్కుండానే ఐఎంపీఎస్‌ వచ్చింది. ఆదివారమైనా, అర్ధరాత్రయినా డబ్బు క్షణాల్లో చేరేది. అయితే ఖాతా నంబరో, ఏడంకెల కోడో గుర్తుపెట్టుకోవాలి. ఆ బాధను 2016 ఏప్రిల్‌ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్‌ రాజన్‌ ప్రారంభించిన యూపీఐ తీర్చింది. ఈమెయిల్‌ లాంటి చిరునామా ఒక్కటి ఉంటే చాలు. ఖాతా ఏ బ్యాంకుదైనా, యాప్‌ ఎవరిదైనా ఫరవాలేదు.

పెద్దనోట్ల రద్దే యూపీఐని నిలబెట్టిందని అందరూ అంటారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. ఆ 2016 డిసెంబరులో దేశం మొత్తమ్మీద జరిగిన యూపీఐ చెల్లింపులు సుమారు 20 లక్షలే. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే అవి 2,000 కోట్లు దాటాయి. ఈ దూరాన్ని కలిపినవి చౌక డేటా, గోడకంటించే క్యూఆర్‌ స్టిక్కరు, 2020 జనవరి నుంచి వ్యాపారిపై కమీషన్‌ లేకపోవడం. కార్డు మెషిన్‌ అద్దెకు, కమీషన్‌కు జడిసిన కూరగాయల బండి కూడా స్టిక్కరుకు జడవలేదు.

ఉచితమంటే ఖర్చు లేదని కాదు. చిన్న దుకాణాల్లో జరిగే చెల్లింపుల కోసం 2024-25కు కేంద్రం దాదాపు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. పైగా చెల్లింపుల్లో సింహభాగం ఫోన్‌పే, గూగుల్‌పే అనే రెండు యాప్‌ల గుండానే సాగుతోంది. ఒక్కో యాప్‌ వాటా 30 శాతం మించకూడదన్న నిబంధనను 2020లోనే ప్రకటించినా, అమలు గడువును వాయిదా వేస్తూనే వస్తున్నారు. 2022 డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు జనంలోకి ప్రయోగాత్మకంగా తెచ్చిన ఈ-రూపీ ఫోన్‌లో ఉండే అసలు నోటు లాంటిది. యూపీఐ ఉండగా అదెందుకో మాత్రం సామాన్యుడికి ఇంకా తెలియలేదు.

వ్యాపారికి మరో మార్పు మెల్లగా తెలిసొచ్చింది. ఒకప్పుడు చిట్టా, ఆవర్జా గల్లాపెట్టె పక్కనే ఉండేవి. ఎవరికి చూపాలో షావుకారి ఇష్టం. ఇప్పుడా లెక్క ఇంకొకరి సర్వర్‌లో పడుతోంది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్యపన్నుల శాఖ యూపీఐ వసూళ్ల లెక్కలు తీసి వేలాదిమంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. పన్నే లేని పాలు, కూరగాయలు అమ్ముకునేవాళ్లకూ అవి అందాయి. బెంగళూరు కొట్ల ముందు స్టిక్కర్లు ఊడిపోయి ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. చివరికి పాత బకాయిలు అడగబోమని ప్రభుత్వం తగ్గింది. రిజిస్ట్రేషన్‌ మాత్రం చేయించుకోవాల్సిందేనంది.