నాయకురాలికి బడి ఎక్కడ?

1902లో బందరులో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి కృష్ణా పత్రిక. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు దాన్ని ప్రారంభించారు. 1907లో ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలోకి వచ్చాక అది ఆంధ్రదేశపు రాజకీయాలకే ఒక బడి అయింది. రెండోది బృందావన స్త్రీ సమాజం. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి పెట్టారు. మొదటిదాని గురించి పుస్తకాలున్నాయి. రెండోదాని గురించి చాలాచోట్ల ఒక్క వాక్యమే ఉంటుంది: ఆ కాలంలో స్త్రీ సమాజాలు కూడా ఏర్పడ్డాయి అని. ఆ 'కూడా' దగ్గరే నా ప్రశ్న మొదలవుతుంది.

విద్యార్థి దశలోనే నాయకత్వ లక్షణాలు అలవరచుకోవాలని మన పాఠ్యపుస్తకాలు చెబుతూ ఉంటాయి. ధైర్యం, వాగ్ధాటి, క్రమశిక్షణ, నిర్ణయం తీసుకునే శక్తి అంటూ ఒక జాబితా ఇస్తాయి. ఆ జాబితాలోని విద్యార్థి ఎవరు? బడికి పంపించే తల్లిదండ్రులు, చదువుకోవడానికి తీరిక, సాయంత్రం సభకు వెళ్ళే స్వేచ్ఛ ఉన్నవాడు. ఈ మూడూ లేని ఆడవాళ్ళు ఎక్కడ చదువుకున్నారు, ఏం నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని ఎవరికోసం వాడారు అని అడిగితే నాయకత్వం అన్న మాటకు అర్థమే మారిపోతుంది. కృష్ణా డెల్టా దిగువన ఉన్న కొద్దిపాటి నేలనుంచే ఈ ప్రశ్నకు కొన్ని జవాబులు దొరుకుతాయి.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళయి భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకు వెళ్ళింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకోసం నాగపూరు వచ్చి అక్కాబావల ఇంట్లోనే ఉన్నాడు. బడికి వెళ్ళింది తమ్ముడు. ఆ చదువు పక్కన కూర్చుని తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకుంది అక్క. పేరు ఏ బడి హాజరు పట్టీలోనూ లేని విద్యార్థిని ఆమె. అన్నం పెట్టే అక్క, పాఠం చెప్పే తమ్ముడు అన్న ఈ ఏర్పాటులో ఎవరు ఎవరికి రుణపడ్డారో తేల్చడం అంత తేలిక కాదు. విజ్ఞాన చంద్రికా మండలి గురించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం గురించి చెప్పేటప్పుడు ఆ అక్క ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలోనే ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పని చేసింది. స్త్రీలు స్వభావరీత్యా తెలివితక్కువవాళ్ళనీ, చదివిస్తే చెడిపోతారనీ అనేవాళ్ళకు చరిత్రలోంచి జవాబు చెప్పడం ఆ పుస్తకం ఉద్దేశం. వీరేశలింగం 'చింతామణి'లో అచ్చయి, తర్వాత పుస్తకంగా వచ్చింది. 1902లోనే 'హిందూ సుందరి'లో ఆమె 'ధనత్రయోదశి' కథ అచ్చయింది. గురజాడ 'దిద్దుబాటు'కు ఎనిమిదేళ్ళ ముందు. తెలుగులో తొలి కథ ఏదన్న వాదం ఇక్కడ అవసరం లేదు గాని, ఆ వాదంలోకి అచ్చమాంబ పేరు ఎంత ఆలస్యంగా వచ్చిందో మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంట్లో కూర్చుని రాసుకుంటే చాలు, రచయిత్రిగానైనా మిగిలేది. ఆమె అలా ఊరుకోలేదు. ఆంధ్రదేశమంతా తిరిగింది. ఊరూరా స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడింది, సమాజాలు పెట్టించింది. బందరు సమాజం వాటికి ముందు నడిచింది. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట చేరడం ఈరోజు మనకు పెద్ద విషయం కాదు. పేరంటానికో వ్రతానికో తప్ప మరో పనిమీద గడప దాటితే సంజాయిషీ చెప్పుకోవలసిన రోజుల్లో, ఒక స్త్రీ లేచి నిలబడి మాట్లాడటం, మిగిలినవాళ్ళు వినడం, తర్వాత వాళ్ళలో ఇంకొకరు లేవడం అంటే అది ఒక రాజకీయ పాఠశాలే. అక్కడ గురువు, శిష్యురాలు అన్న విభజన ఎక్కువసేపు నిలవదు. అచ్చమాంబ 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో ప్లేగుతో చనిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు కూడా నిండాయో లేదో. ఆ తర్వాత కూడా సమాజాలు నడిచాయి, కొత్తవి పుట్టాయి. తాను లేకపోయినా నడిచే పనిని పెట్టడం ఆమె నాయకత్వంలో నాకు కనిపించే మొదటి గుణం. పాఠ్యపుస్తకాల జాబితాలో ఇది ఉండదు.

1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు తన జీవితాన్నే దానికి ధారపోశారు. చదువుతో పాటు చేతిపని, చిత్రలేఖనం నేర్పిన ఆ కళాశాలలో పింగళి వెంకయ్య పనిచేశారు, అడివి బాపిరాజు చదివారు. అది ఊహించుకున్న విద్యార్థి మాత్రం ప్రధానంగా మగపిల్లవాడే. దేశానికి నాయకులు కావాలి. వాళ్ళకు తల్లులు, భార్యలు కూడా కావాలి. స్త్రీవిద్య అవసరాన్ని ఆ రెండో వాక్యంలోంచి చూసే అలవాటు జాతీయోద్యమానికి చివరిదాకా పోలేదు.

బందరు నుంచి బెజవాడ వైపు వస్తే పామర్రు తగులుతుంది. అక్కణ్ణుంచి ఒక దారి గుడివాడకు, ఒక దారి చల్లపల్లి మీదుగా దివిసీమకు పోతుంది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు పారిన నేల ఇది. వరి పండి డబ్బు వచ్చింది. డబ్బుతో హైస్కూళ్ళు, గ్రంథాలయాలు, నాటక సమాజాలు, ఆ వెనకే రాజకీయాలు వచ్చాయి. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారకరామారావు 1983లో గుడివాడ నుంచి శాసనసభకు వెళ్ళి ముఖ్యమంత్రి అయ్యారు. నాయకుడంటే ఈ ప్రాంతంలో మొదట కళ్ళముందు కదిలే బొమ్మ అదే. ఆయనకంటే అయిదేళ్ళ ముందు, 1918లో, పామర్రులో కొండపల్లి కోటేశ్వరమ్మ పుట్టింది.

పెళ్ళంటే ఏమిటో తెలియని వయసులో ఆమెకు పెళ్ళయింది. రెండేళ్ళు తిరక్కుండానే భర్త చనిపోయాడు. తాను వితంతువునన్న సంగతి ఆమెకు బడికి వెళ్ళే వయసులో గాని తెలియలేదు. అప్పుడు కూడా ఆమెను బడి మానిపించకుండా అండగా నిలిచింది తల్లి అంజమ్మ. కోటేశ్వరమ్మ జాతీయోద్యమ గీతాలు పాడింది, ఒంటిమీది నగలు గాంధీకి ఇచ్చింది. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం. గుడివాడ దగ్గరి జొన్నపాడులో కాపురం. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఊరు ఎలా చూస్తుందో, పార్టీ ఇల్లంటే ఎలా ఉంటుందో రెండూ ఆమె ఒకేసారి నేర్చుకుంది.

పార్టీ ఆమెకు నిజంగానే బడి. ఈ మాట కాదనలేం. ప్రజానాట్యమండలిలో పాడింది, వేషం వేసింది. గౌరవమైన కుటుంబాల ఆడవాళ్ళు వేదిక ఎక్కితే నోటికొచ్చినట్టు అనే రోజులవి. మోటూరి ఉదయం నడిపిన స్త్రీల బుర్రకథ దళం ఊళ్ళు తిరిగిందీ ఆ రోజుల్లోనే. మహిళా సంఘం ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పింది, ఉపన్యాసం నేర్పింది, నలుగురిలో నిలబడటం నేర్పింది. నేర్పనిది ఒకటుంది. నిర్ణయం ఎవరు తీసుకుంటారు? అది మాత్రం మగవాళ్ళ గదిలో జరిగేది.

1948 నుంచి నిర్బంధం పెరిగింది. గుడివాడ ప్రాంతంలోని యలమర్రులో, ఉయ్యూరు దగ్గరి కాటూరులో పోలీసులు మగవాళ్ళ చేత బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన రోజులవి. కోటేశ్వరమ్మ అజ్ఞాతంలోకి వెళ్ళింది. రహస్య స్థావరంలో ఆడమనిషి ఉంటే అది సంసారుల ఇల్లులా కనిపిస్తుంది. వంట చెయ్యడం, కాపలా కాయడం, ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా ఒకరి భార్యగానో చెల్లెలుగానో నటించడం, పిల్లల్ని ఎవరి దగ్గరో వదిలి వాళ్ళ గురించి అడగకుండా ఉండటం స్త్రీల వంతుకు వచ్చాయి. ఒక్క తప్పటడుగు పడితే నాయకుల ప్రాణాలే పోయే ఆ పనిని నాయకత్వం అని ఎవరూ అనలేదు. సహకారం అన్నారు.

1951లో పోరాటం విరమించాక చాలామంది స్త్రీలకు ఇక ఇళ్ళకు వెళ్ళమన్న మాటే మిగిలింది. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు అందులో మాట్లాడిన స్త్రీల గొంతుల్లో గర్వం ఎంత ఉందో ఈ బాధా అంతే ఉంది. ఉద్యమం తమను మనుషుల్ని చేసిందని చెప్పినవాళ్ళే, ఆ మనుషులకు తర్వాత చోటు లేకుండా పోయిందనీ చెప్పారు. ఈ రెండింటిలో ఒకదాన్నే తీసుకుని రాస్తే అది వాళ్ళ చరిత్ర కాదు.

కోటేశ్వరమ్మకు ఇల్లు కూడా మిగల్లేదు. భర్త విడిచిపెట్టాడు. అతను తర్వాత, 1980లో, పీపుల్స్ వార్ స్థాపించి దేశమంతటా పేరున్న విప్లవ నాయకుడయ్యాడు. ఆమె వయసు ముప్పై అయిదు దాటింది. చేతిలో సర్టిఫికెట్ లేదు. అప్పుడు హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదవడానికి చేరింది.

ఈ చేరికలో చరిత్ర చేసిన చమత్కారం ఒకటుంది. కమ్యూనిస్టు కార్యకర్తకు తలుపు తీసిన ఆ సంస్థ కాంగ్రెసు నాయకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెట్టినది. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో పద్నాలుగేళ్ళ దుర్గాబాయి టిక్కెట్టు లేదని నెహ్రూను ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన కథ మనందరికీ తెలుసు. విద్యార్థులకు నాయకత్వ పాఠంగా ఆ కథే చెబుతాం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పాఠం తర్వాత జరిగింది. బాల్యవివాహం నుంచి బయటపడి, జైలుకు వెళ్ళొచ్చి, అప్పుడు మెట్రిక్‌కు కూర్చుంది ఆమె. చదువు మధ్యలో ఆగిన ఆడదానికి ఏం కావాలో తనకు తెలుసు గనక అలాంటివాళ్ళకోసం తరగతులు పెట్టింది. గుమ్మం దగ్గర ఆపిన కథే మనకు గుర్తుంది. గుమ్మం తెరిచిన పని ఎందరికి గుర్తుంది?

మెట్రిక్ తర్వాత కోటేశ్వరమ్మ కాకినాడ పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్‌లో మేట్రన్‌గా చేరింది. పార్టీ చరిత్రల లెక్కలో ఇది ఆమె రాజకీయ జీవితం ముగిసిన చోటు. నాకు అలా అనిపించదు. వేరువేరు ఊళ్ళనుంచి, వేరువేరు కులాలనుంచి మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లలు చదువుకునే చోటును నిలబెట్టడం ఏ పని కిందికి వస్తుంది? ఆజ్ఞలిచ్చే అధికారం అక్కడ కొంచెమే. జవాబుదారీ మాత్రం ఇరవై నాలుగు గంటలూ. ఈలోగా ఆమె కొడుకునీ కూతుర్నీ కూడా పోగొట్టుకుంది. తొంభై నాలుగేళ్ళ వయసులో, 2012లో, 'నిర్జన వారధి' అచ్చులో చూసుకుంది. నిందలు వేసే పుస్తకం కాదది, క్షమించేసే పుస్తకమూ కాదు. తాను నమ్మిన రాజకీయాలను వదులుకోకుండానే వాటిని ప్రశ్నించడం ఆ పుస్తకానికున్న బలం. 2018లో, నూరేళ్ళు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూసింది.

అమెరికాలో నల్లజాతి విద్యార్థులు 1960లో తమ సమన్వయ సంఘాన్ని కట్టుకున్నప్పుడు ఎల్లా బేకర్ వాళ్ళ వెనక నిలబడింది. పెద్ద నాయకుల నీడలోకి పోకుండా సొంతంగా నిర్ణయించుకోమని వాళ్ళకు చెప్పింది. ఆమె పేరు కంటే మైకుముందు నిలబడ్డ మతాచార్యుల పేర్లే ప్రపంచానికి ఎక్కువ తెలుసు. కాబట్టి ఇది మన డెల్టాకే పట్టిన జబ్బు కాదు. నాయకత్వాన్ని కంఠస్వరంతో కొలిచే చోటల్లా ఇదే జరుగుతుంది.

అయితే స్త్రీల నాయకత్వం అన్నంతమాత్రాన అన్ని గుమ్మాలూ తెరుచుకోలేదు. బందరు సమాజపు స్త్రీలు అక్షరం అందుబాటులో ఉన్న కుటుంబాలవాళ్ళు. కమ్యూనిస్టు ఉద్యమంలో పైకి వచ్చిన స్త్రీలలో చాలామంది కాలవ నీళ్ళతో బాగుపడ్డ రైతు కులాలవాళ్ళు. ఆ వరి నాటిన దళిత స్త్రీ ఏ బడిలో విద్యార్థిని? ఆమె నాయకత్వాన్ని ఎవరు రాసిపెట్టారు? 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక ఈ ప్రశ్నను దాటవేయడానికి మనకు వీల్లేదు. కాలవ చివరి భూములకు వెళితే ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేలమందికి పైగా పోయారు. మట్టిగోడల్లో, పూరిగుడిసెల్లో ఉన్న కూలీలు, మత్స్యకారులే ఎక్కువగా కొట్టుకుపోయారు. వచ్చి చూసిన నాయకుల పేర్లు పత్రికల్లో ఉన్నాయి. మిగిలిన పిల్లల్ని పోగుచేసుకుని మళ్ళీ పొయ్యి వెలిగించిన ఆడవాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళు తక్కువ.

ఆ దివిసీమలోని అవనిగడ్డ తర్వాత డీఎస్సీ శిక్షణకు పేరుపడింది. ఎక్కడెక్కడి జిల్లాలనుంచో ఆడపిల్లలు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, టీచరు ఉద్యోగంకోసం చదువుతారు. కొందరు పెళ్ళయి, పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళు చదివే బిట్లలో కృష్ణా పత్రిక స్థాపించిన సంవత్సరం ఉంటుంది. బృందావన స్త్రీ సమాజం కూడా ఎప్పుడో ఒక మార్కు ప్రశ్నగా వచ్చే ఉంటుంది. రేపు వీళ్ళే ఊరి బళ్ళో పిల్లలకు నాయకత్వ లక్షణాలు పాఠం చెబుతారు. ముప్పై అయిదేళ్ళ వయసులో పలక పట్టినంత పనిచేసి మెట్రిక్ చదివిన పామర్రు ఆడమనిషి కథ, తమ్ముడి పుస్తకాలు చదివి ఊరూరా సమాజాలు పెట్టిన అక్క కథ ముందుగా ఈ టీచర్లకు అందాలి. అందించే పని మనది. అది ఒక మార్కు ప్రశ్నతో సరిపోదు.