సోల, తవ్వ, మానిక: బ్రిటన్‌లో పెరిగిన ఒక ఆలోచన కథ

మన అమ్మమ్మల కాలంలో బియ్యం కొలవడానికి ఇంటింటా సోల, తవ్వ, మానిక ఉండేవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ప్రతి పాత్రా దాని ముందుదానికి రెట్టింపు. మానికెడు బియ్యం సోలలో పోస్తే మిగిలింది నేలపాలే. ఈ చిన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు, ఈ దేశంలో మన పిల్లలు ఎందరో చేస్తున్న కంప్యూటర్ ఉద్యోగంలోని ఒక పాత చిక్కు, దాన్ని విప్పడానికి ఇక్కడి విశ్వవిద్యాలయాలు పడిన శ్రమ సులువుగా బోధపడతాయి.

కంప్యూటర్‌లోనూ అంకెలకు కొలపాత్రలు ఉంటాయి. నేడు అవి 8, 16, 32, 64 బిట్లుగా, అంటే మన కొలతల్లాగే రెట్టింపవుతూ పోతాయి. 8 బిట్ల పాత్రలో 0 నుంచి 255 వరకే పడుతుంది. తొలినాటి యంత్రాల్లోనూ ఈ తేడా ఉంది. మారిస్ విల్క్స్ నాయకత్వాన కేంబ్రిడ్జిలో తయారైన ఎడ్సాక్ 1949 మే 6న మొదటి లెక్క చేసింది. అందులో 17 బిట్ల పొట్టి సంఖ్య, 35 బిట్ల పొడుగు సంఖ్య అని రెండు కొలతలు ఉండేవి.

తర్వాత అదే కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ 1966లో బి.సి.పి.ఎల్. అనే భాషను రూపొందించాడు. యంత్రాన్ని నడిపించే మూల కార్యక్రమాలు రాయడానికి అది పనికివచ్చేది. అందులో పాత్ర ఒక్కటే. అంకె అయినా, అక్షరమైనా, చిరునామా అయినా అన్నీ ఒకే మాదిరి 'పదం'లో ఇమిడేవి. రాయడం తేలిక. కాని ఏ పాత్రలో ఏముందో గుర్తుపెట్టుకునే బరువంతా మనిషిదే. అమెరికాలోని బెల్ లాబ్స్‌లో ఆ భాష నుంచి 'బి', దాని నుంచి 1970ల తొలినాళ్ళలో 'సి' పుట్టాయి. పి.డి.పి.-11 యంత్రం 8 బిట్ల ముక్కలకు వేరువేరుగా చిరునామాలిచ్చేది. ఒకే పాత్ర అక్కడ కుదరలేదు. అందుచేత 'సి' భాషలో రకాలు మళ్ళీ వచ్చాయి. వాటి వెంట ప్రశ్న కూడా వచ్చింది: కూడికల పద్ధతి ఒక్కటే అయినప్పుడు, సోలకొకసారి, తవ్వకొకసారి, మానికకొకసారి దాన్ని తిరిగి రాయాలా?

ఈ ప్రశ్నకు పేరు పెట్టినవాడు ఆక్స్‌ఫర్డులో పనిచేసిన క్రిస్టఫర్ స్ట్రేచీ. 1967లో కోపెన్‌హాగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, ఒకే పని అనేక రకాలకు వర్తించడంలో రెండు తీరులున్నాయని ఆయన చెప్పాడు. ఒకటి, అన్నిటికీ ఒకే సూత్రం. రెండవది, పేరు ఒకటే అయినా రకానికొక వేరు పద్ధతి. తెలుగువారికి ఈ భేదం ఉగ్గుపాలతో వచ్చినదే. వస్తువులైతే రెండు, మూడు, నాలుగు అంటాం. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఇవి విడివిడిగా నేర్చుకోవలసినవి. పెద్ద సంఖ్యలకు మాత్రం 'మంది' చేరిస్తే చాలు: పదిమంది, నూరుమంది, వెయ్యిమంది. మొదటిది రకానికొక పద్ధతి, తరువాతిది అన్నిటికీ ఒకే సూత్రం.

ఎడింబరోలో రాబిన్ మిల్నర్ 1978లో మొదటి తీరుకు గణితపు పునాది వేశాడు. వరుసలో ఎన్ని ఉన్నాయో లెక్కించాలంటే అవి ఏ రకమైనా ఒకటే. కాని కూడాలంటే పాత్ర కొలత తెలియాలి. ఆ ముడిని గ్లాస్గోలో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో విప్పారు. 'కూడడం, పోల్చడం వంటి పనుల పట్టీ ముందుగా రాయండి. ఆ పనులు చేయగల ప్రతి రకమూ ఆ తరగతిలోకి వస్తుంది' అన్నది వారి సూచన సారాంశం. 'హాస్కెల్' భాష దీన్ని స్వీకరించింది. 2015 మే 15న తొలి స్థిర రూపంతో వెలువడిన 'రస్ట్' భాషలోని 'ట్రెయిట్లు' ఈ కోవకు చెందినవే.

రస్ట్‌లో మూల పూర్ణాంకాల రకాలే 12. పట్టీ ఉన్నా పని అంత సుళువు కాదు. ఏ రకానికైనా చెల్లేలా ఒక లెక్క రాసేటప్పుడు, అందులో 'సున్న' అంటే ఏ కొలత సున్న, 'ఒకటి' అంటే ఏ కొలత ఒకటి అని కూడా చెప్పాలి. ఇక 200కు 100 కలిపితే 300. అది 8 బిట్లలో పట్టదు. పొర్లితే పని ఆపాలా, చుట్టు తిరిగి 44 అనాలా, 255 దగ్గరే నిలవాలా? ఈ నిర్ణయం రాసేవాడే తీసుకోవాలి.

ఇది పండితుల వినోదమనుకోకండి. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్టు తన తొలి ప్రయాణంలో ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోగా అది పట్టలేదు. ఆ పాత్ర హద్దు 32,767. అంతకు ముందటి ఏరియన్-4 వేగానికి సరిపోయిన కార్యక్రమాన్నే కొత్త రాకెట్టులోనూ వాడారు. పాత సోలతో కొత్త మానికను కొలిచారన్నమాట.

మన ఇళ్ళలో పిల్లలు 'మూడు అత్తయ్యలు వచ్చారు' అన్నప్పుడు నవ్వి ఊరుకుంటాం. అప్పుడే, నవ్వుతూనే, 'ముగ్గురు అత్తయ్యలమ్మా' అని దిద్దండి. మనిషికీ వస్తువుకీ ఒకే మాట చాలదని మన భాష ఏనాడో గుర్తించింది. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు, ఎడింబరో, గ్లాస్గోల మేధావులు యంత్రానికి దశాబ్దాలపాటు ఓపికగా నేర్పిన పాఠం దీనికి దగ్గరిదే. ఈ గడ్డపై పెరుగుతున్న మన యువతీయువకులు రెంటికీ వారసులు. రెంటినీ నిలుపుకోవాలి.